40 ఏళ్ల సర్వే డేటాకు ఐసాడ్-జీ వివరణ: ప్రతి ఫైలుకూ ఎంట్రీ రాయాలా?

గ్రంథపాలిక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వ్యవసాయ పరిశోధనకు సంబంధించి మూతపడిన ఒక విభాగం డేటా హార్డ్ డిస్కులో ఆర్కైవ్‌కు చేరింది. 11,860 ఫైళ్లు, విండోస్ చూపించే లెక్కలో 74 జీబీ. సాగు ఖర్చుల సర్వే, వర్షపాతం, బావుల నీటిమట్టాలు, అన్నీ 1980ల మొదటి నుంచి ఈమధ్య దాకా ఉన్నాయి. పాతవి డీబేస్ (పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్) కాలం నాటి డీబీఎఫ్ ఫైళ్లు, తర్వాతివి ఎక్సెల్, కొన్ని ఎస్‌పీఎస్‌ఎస్ (గణాంక సాఫ్ట్‌వేర్). ప్రశ్నావళులు, గ్రామాల జాబితాలు వర్డ్‌లో అను ఫాంట్లతో టైపు చేసినవి. వీటికి మూలమైన కాగితపు షెడ్యూళ్లు (నింపిన ప్రశ్నావళులు) 46 పెట్టెలు. పెట్టెలకు ఆటామ్‌లో (ఆర్కైవ్ క్యాటలాగ్ సాఫ్ట్‌వేర్) ఐసాడ్-జీ (ఆర్కైవ్ వివరణకు అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం ఎంట్రీలు ఉన్నాయి కాబట్టి డేటాను కూడా అక్కడే, ఆ పద్ధతిలోనే చేర్చాలి.

నాకు తేలనివి ఇవి. వివరణ ఏ స్థాయిలో ఆపాలి? సంస్థ పేరు మధ్యలో మారితే క్రియేటర్‌గా ఎవరిని రాయాలి? ఐసాడ్-జీలోని 3.1.3 తేదీల గడిలో సర్వే జరిగిన ఏడాదా, ఫైలు తయారైన ఏడాదా? ఒకే పట్టికకు ఐదారు కాపీలున్నాయి (ఫైనల్, ఫైనల్2, కరెక్టెడ్ లాంటి పేర్లతో), వాటిని విడివిడిగా చూపాలా? చివరికి కొన్నింటికి డీఓఐ (ఉదహరించడానికి వాడే శాశ్వత గుర్తింపు) కూడా ఇవ్వాలి.

దస్త్రఖానా

11,860 ఎంట్రీలు రాయకండి. మొదట ఒక మాట ఖాయం చేసుకోండి. ఐసాడ్-జీలో ఫైల్ అంటే ఒక స్థాయి, కంప్యూటర్లో ఫైలు అంటే ఇంకొకటి. ఆర్కైవ్ వాళ్లూ కంప్యూటర్ వాళ్లూ కలిసి పనిచేసే చోట ఈ గందరగోళంతోనే సగం తప్పులు వస్తాయి. నేను ఇక్కడ ఐసాడ్ స్థాయిని ‘దస్త్రం’ అనీ, డిస్కు మీద ఉన్నదాన్ని ‘ఫైలు’ అనీ అంటాను. మీ పని నియమావళిలో కూడా ఇలాగే విడగొట్టి రాసుకోండి.

స్థాయిలు ఇలా కుదురుతాయి. విభాగం మొత్తం ఒక ఫాండ్, అంటే ఒకే కర్త నుంచి వచ్చిన రికార్డులన్నీ. సాగు ఖర్చుల సర్వే, వర్షపాతం, నీటిమట్టాలు ఒక్కొక్కటి ఒక సిరీస్. సర్వేలో ఒక విడత లేదా ఒక ఏడాది డేటా ఒక దస్త్రం. దాని లోపలి ఫైళ్లు క్యాటలాగ్‌లోకి రావు, వాటి జాబితా మానిఫెస్టులో ఉంటుంది. ఏది ఒక దస్త్రమో తేల్చుకోవడానికి ఒక పరీక్ష: ఏ ఫైళ్లకు కోడ్‌బుక్ (కాలమ్‌ల, కోడ్‌ల అర్థాలు చెప్పే పత్రం) ఒకటేనో, ఏవి ఒకటి లేకపోతే ఇంకొకటి అర్థం కావో, అవన్నీ ఒకే దస్త్రం. ఇంటి వివరాల పట్టిక, కూలీల పట్టిక, పంటల పట్టిక ఒకే ఇంటి నంబరు మీద కలుస్తుంటే వాటిని విడదీయకూడదు.

మీ శ్రమంతా సిరీస్ స్థాయి మీద పెట్టండి. ఎందుకో ఇక్రిశాట్ (మెట్ట ప్రాంత పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) గ్రామస్థాయి అధ్యయనాలు చూస్తే తెలుస్తుంది. అవి 1975లో ఆరు ఊళ్లలో మొదలయ్యాయి: మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, డోకూరు, షోలాపూర్ జిల్లాలో షిరాపూర్, కల్మన్, అకోలా జిల్లాలో కంజారా, కిన్‌ఖెడా. ఊరికి 40 కుటుంబాలు. భూమిలేని కూలీలు, చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులు, ఒక్కో వర్గం నుంచి పది చొప్పున. అయితే చిన్న రైతు, పెద్ద రైతు అనే గీతను ఊరూరికీ అక్కడి భూముల తీరును బట్టి వేరుగా గీశారు. కాబట్టి ఔరేపల్లి పట్టికలో చిన్న రైతు, కంజారా పట్టికలో చిన్న రైతు ఒకే విస్తీర్ణం ఉన్నవాళ్లు కారు. పట్టికలో కనిపించేది ఒక కోడ్ మాత్రమే. ఈ సంగతి ఒక్కసారి, సిరీస్ స్థాయిలో 3.3.1 స్కోప్ అండ్ కంటెంట్‌లో ఉండాలి. అది లేకుండా ఫైలు ఫైలుకూ ఎంత చక్కగా ఎంట్రీ రాసినా ఆ డేటా వాడేవాళ్లు తప్పుడు పోలికలే చేస్తారు.

ఐసాడ్-జీ బహుళస్థాయి నియమాలు నాలుగు: సాధారణం నుంచి ప్రత్యేకానికి దిగడం, ఆ స్థాయికి తగిన సమాచారమే ఇవ్వడం, ప్రతి వివరణనూ పై స్థాయితో ముడివేయడం, పైన చెప్పింది కింద మళ్లీ చెప్పకపోవడం. 2000 నాటి రెండో కూర్పులో మొత్తం 26 అంశాలున్నాయి. అంతర్జాతీయ మార్పిడికి తప్పనిసరి అనదగినవి ఆరే: రిఫరెన్స్ కోడ్, శీర్షిక, క్రియేటర్, తేదీలు, పరిమాణం, స్థాయి. దస్త్రాలకు ఈ ఆరూ, ప్రవేశ నిబంధనలూ, సాంకేతిక అవసరాలూ రాస్తే చాలు.

ఇక క్రియేటర్. ఇక్కడ ఆర్కైవ్ వాళ్ల మాటకూ డేటా వాళ్ల మాటకూ అర్థం వేరు. ఐసాడ్‌లో 3.2.1 అంటే ఆ రికార్డులను తన పనిలో భాగంగా తయారుచేసి, కూడబెట్టి, ఉంచుకున్న సంస్థ లేదా వ్యక్తి. డేటాసైట్‌లో (డీఓఐలు నమోదు చేసే సంస్థ) క్రియేటర్ అంటే ఉదహరించేటప్పుడు పేరు రావలసిన పరిశోధకులు. మొదటి గడిలో విభాగం, రెండో దాంట్లో పరిశోధకులు. ఒకదాన్నుంచి ఇంకొకదానికి కాపీ చేయకండి.

పేరు మారిన సంస్థ విషయానికి తెలిసిన ఉదాహరణే ఉంది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకుంది. 2014లో తెలంగాణకు ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో వేరే విశ్వవిద్యాలయం వచ్చింది. మొదటిది పేరు మార్పు, రెండోది కొత్త సంస్థ పుట్టుక. ఐసార్ సీపీఎఫ్ (రికార్డుల కర్తల వివరణకు ప్రమాణం) ప్రకారం పేరు మాత్రమే మారి, పని అదే సాగితే ఒకే అథారిటీ రికార్డులో (కర్త గురించిన నమోదులో) రెండు పేర్లూ కాలవ్యవధులతో పెట్టవచ్చు. సంస్థ విడిపోతే కొత్త రికార్డు రాసి, ఉత్తరాధికారి సంబంధంతో కలపాలి. సర్వే మాత్రం ఆగకుండా కొత్త సంస్థ చేతుల్లో సాగితే, ఆ సిరీస్‌ను రెండు ముక్కలు చేయవద్దు. ఆస్ట్రేలియాలో పీటర్ స్కాట్ 1966లో ప్రతిపాదించిన సిరీస్ పద్ధతి ఈ ఇబ్బంది కోసమే: సిరీస్ ఒకటే, దానికి కర్తలు ఒకరి తర్వాత ఒకరు.

అడంగల్

తేదీల సంగతి నేను చెబుతాను, చాలామంది జారిపడేది ఇక్కడే.

మీ దగ్గర నిజానికి మూడు తేదీలున్నాయి: సమాచారం ఏ కాలానికి చెందింది, పొలం దగ్గర ఎప్పుడు సేకరించారు, ఫైలుగా ఎప్పుడు తయారైంది. 3.1.3లో ఉండవలసింది రికార్డు తయారైన లేదా పోగుపడిన కాలం. 1985-86 షెడ్యూళ్లను 1994లో ఎక్కించి ఉంటే, కాగితపు సిరీస్‌కు 1985-86, డేటా దస్త్రానికి 1994. డేటా ఏ కాలం గురించో శీర్షికలోనూ 3.3.1లోనూ చెప్పండి. ‘సాగు ఖర్చుల సర్వే, 1985-86 విడత’ అని శీర్షిక, తేదీ గడిలో 1994. చూసేవాళ్లకు వింతగా అనిపించినా అదే సరైనది. రెండూ ఒకే గడిలో కుక్కితే తర్వాత ఎవరూ విడదీయలేరు.

రెవెన్యూ లెక్కల నుంచి తీసుకున్న పట్టికల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలయ్యే ఏడాది వస్తుంది. ఫసలీ 1395 అంటే 1985 జులై 1 నుంచి 1986 జూన్ 30 దాకా. కనిపించే తేదీలో ‘ఫసలీ 1395’ అనే ఉంచి, ఆటామ్‌లోని మొదలు, చివర తేదీల గడుల్లో 1985-07-01, 1986-06-30 ఇవ్వండి. 1985 అని మాత్రమే రాస్తే రబీ పంట మొత్తం జారిపోతుంది.

ఫైలు తయారైన తేదీని ఎక్స్‌ప్లోరర్‌లో చూసి నమ్మొద్దు. మామూలుగా కాపీ పేస్టు చేస్తే ‘క్రియేటెడ్’ తేదీ కాపీ చేసిన రోజుకు మారిపోతుంది. డిస్కును రైట్ బ్లాకర్ (డిస్కు మీద ఏమీ రాయనివ్వని పరికరం) ద్వారా తగిలించి, చివరగా మార్చిన తేదీలను కాపాడే పద్ధతిలో (లినక్స్‌లో ఆర్‌సింక్‌కు ‘ఏ’ ఆప్షన్ ఇచ్చి) తీయండి. పాత డిస్కు ఫ్యాట్ (ఫైళ్లను అమర్చే పాత వ్యవస్థ) పద్ధతిలో ఉంటే అందులో సమయం స్థానిక కాలమానంలో, రెండు సెకన్ల అంతరంతో ఉంటుంది. కొత్త వ్యవస్థ దాన్ని యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అనుకుంటే ఐదున్నర గంటల తేడా పడి, కొన్ని ఫైళ్ల తేదీలే మారిపోతాయి. డీబీఎఫ్‌లకు ఒక మేలు ఉంది: హెడర్‌లో 1 నుంచి 3 వరకు ఉన్న బైట్లలో చివరగా మార్చిన ఏడాది, నెల, రోజు ఉంటాయి (మొదటి బైటును సున్నాగా లెక్కపెట్టండి). బయటి తేదీ పోయినా లోపలి తేదీ మిగులుతుంది.

పరిమాణం రాసేటప్పుడు 74 జీబీ అని వదిలేయకండి. విండోస్ 1,07,37,41,824 బైట్లను ఒక జీబీగా లెక్కిస్తుంది, డిస్కు తయారీదారులు 100 కోట్లను. మీ 74, ఇంకో పనిముట్టులో 79.5గా కనిపిస్తుంది. ఏదో పోయిందనో, ఎక్కువైందనో మూడేళ్ల తర్వాత ఎవరైనా కంగారుపడతారు. 3.1.5లో ఫైళ్ల సంఖ్య, ఖచ్చితమైన బైట్లు, ఫార్మాట్లు రాయండి. పట్టికలైతే వరుసల సంఖ్య కూడా ఇవ్వండి, వాడేవాళ్లకు బైట్ల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

వర్షపాతం సిరీస్‌కు రెండు విషయాలు 3.3.1లో తప్పక చేర్చండి. భారత వాతావరణ శాఖ పద్ధతిలో ఒక రోజు వర్షం అంటే ఆ ఉదయం 8:30తో ముగిసే 24 గంటల వర్షం. జూన్ 1 పేరు మీద ఉన్న 40 మిల్లీమీటర్లలో ఎక్కువ భాగం మే 31న కురిసి ఉండవచ్చు. మీ కేంద్రం ఇదే పాటించిందో లేదో పరిశీలకుల పుస్తకం చూసి రాయండి. రెండోది, ఖాళీ గడికి అర్థం: వాన లేదా, కొలవలేదా? ఒక కాలంలో సున్నా, ఇంకో కాలంలో ఖాళీ, మరో కాలంలో 999 వాడి ఉంటారు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏది వాడారో చెప్పాలి.

స్థలాల పేర్లు కూడా. తాలూకాల స్థానంలో మండలాలు వచ్చింది 1985లో. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. డేటాలోని పేరును ఇప్పటి పేరుకు మార్చవద్దు. యాక్సెస్ పాయింటుగా (వెతకడానికి వాడే పేరుగా) ‘మహబూబ్‌నగర్ జిల్లా, 2016కు ముందున్న సరిహద్దులు’ లాంటిది పెట్టి, ఇప్పటి జిల్లాల పేర్లను అదనంగా జోడించండి.

గ్రంథపాలిక

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఐదారు కాపీల సంగతి, అను ఫాంట్ల సంగతి ఇంకా మిగిలాయి. కాపీల్లో కొన్నింటికి సైజు కూడా ఒకటే. ఇంకొకటి: డీబీఎఫ్‌ను సీఎస్‌వీ చేసి చూస్తే ఒక దాంట్లో హెడర్ 2,416 వరుసలు అంటోంది, సీఎస్‌వీలో 2,391 వచ్చాయి.

బిట్‌బీరువా

ఆ 25 వరుసలు పోలేదు. డీబేస్‌లో వరుసను తొలగిస్తే అది చెరిగిపోదు, ముందున్న ఒక బైటులో నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. ‘ప్యాక్’ ఆదేశం ఇచ్చేదాకా వరుస లోపలే ఉంటుంది, హెడర్ లెక్కలో కూడా ఉంటుంది. మీ మార్పిడి పనిముట్టు వాటిని వదిలేసింది. నక్షత్రం ఉన్న వరుసలు లెక్కపెట్టి 25 అని తేలితే ఆ సంగతి నోట్‌లో రాయండి. ఇందులో ఒక ప్రమాదం ఉంది: సర్వే నుంచి తప్పుకున్న కుటుంబాన్ని ‘తీసేశాం’ అని అనుకుని ఉంటారు, వాళ్ల పేర్లు ఇంకా అందులోనే ఉన్నాయి. మూల డీబీఎఫ్‌ను ఎప్పుడూ నేరుగా డౌన్‌లోడ్‌కు పెట్టకండి.

కాపీల విషయంలో పేర్లు చూసి నిర్ణయించవద్దు. మొత్తం డిస్కుకు ముందుగా షా-256 చెక్‌సమ్‌లు (ఫైలు లోపలి బైట్ల నుంచి లెక్కించే, వేలిముద్ర లాంటి విలువలు) తీయండి. విలువ ఒకటే వచ్చినవి అచ్చంగా ఒకే ఫైలు. ఒకటి ఉంచి, మిగతావి ఎక్కడెక్కడ ఉండేవో జాబితాలో రాసుకుంటే సరి. తేడా వచ్చినవాటిని పట్టికగా తెరిచి వరుస వరుస పోల్చండి. మూడు రకాలు బయటపడతాయి. విలువలు అవే, ఫార్మాట్ వేరు: ఇది అదే దస్త్రానికి మరో రూపం, కొత్త ఎంట్రీ అక్కర్లేదు. కొన్ని విలువలు దిద్దారు: ఇది కొత్త వెర్షన్, ఏ విలువలు ఎందుకు మారాయో తెలిసినంత వరకు 3.2.3 ఆర్కైవల్ హిస్టరీలో రాయాలి. లెక్క పద్ధతే వేరు: ఇది వెర్షన్ కాదు, వేరే దస్త్రం. ఇక్రిశాట్ జిల్లా స్థాయి డేటా దీనికి మంచి నమూనా. 1966 నాటి జిల్లా సరిహద్దులకు సర్దుబాటు చేసినది ఒకటి, ఏ ఏడాదికి ఆ ఏడాది జిల్లాలతో సర్దుబాటు లేనిది ఒకటి. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినా ఒకదాని బదులు ఇంకొకటి వాడలేం. ఇలాంటివాటిని 3.5.3 సంబంధిత వివరణల ద్వారా కలపండి.

‘ఫైనల్2’ లాంటి పేరును శీర్షిక చేయొద్దు, పారేయనూ వద్దు. శీర్షిక మీరు ఇవ్వండి, అసలు ఫైలు పేరు మానిఫెస్టులో అక్షరం మారకుండా ఉండాలి. విశ్లేషణ ప్రోగ్రాములు ఆ పేరునే పిలుస్తుంటాయి.

అను ఫాంట్లతో ఉన్నవి యూనికోడ్ కావు. లోపల ఉన్నవి లాటిన్ కోడ్‌లే, ఫాంటు వాటిని తెలుగు ఆకారాలుగా చూపిస్తుంది. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. సెర్చ్‌లో ఊరి పేరు దొరకదు. డ్రాయిడ్ అనే పనిముట్టు ఫార్మాట్ గుర్తించి వర్డ్ వెర్షన్ చెబుతుంది గానీ ఫాంటు గురించి ఏమీ చెప్పదు, అందుకని ఆ ఫైళ్లను విడిగా తెరిచి ఫాంటు పేరు నోట్ చేయాలి. నేను సిఫారసు చేసేది మూడు రూపాలు: మూలం అలాగే, ఫాంటును పొదిగిన పీడీఎఫ్, అంటే అప్పట్లో పేజీ ఎలా కనిపించిందో దానికి సాక్ష్యం, యూనికోడ్‌కు మార్చిన పాఠం. మార్చినప్పుడు ఒత్తులు, రావత్తులు స్థానం తప్పడం మామూలే. అందువల్ల గ్రామాల పేర్లను పీడీఎఫ్ పక్కన పెట్టుకుని మనిషి సరిచూడాలి. ఇదంతా 3.4.4 సాంకేతిక అవసరాలలోకి వస్తుంది. 1990ల ఫైళ్లలో ఇస్కీ (భారతీయ లిపులకు వాడిన పాత ఎన్‌కోడింగ్) కూడా తగలొచ్చు. ఇస్కీలో భారతీయ లిపులన్నిటికీ కోడ్‌లు ఉమ్మడి, కాబట్టి అది తెలుగని రాసిపెట్టకపోతే దేవనాగరిగా తెరుచుకునే అవకాశం ఉంది.

దస్త్రఖానా గారి మాటతో ఒక చోట విభేదిస్తాను. దస్త్రం దగ్గర ఆగితే వాడేవాళ్లకు చాలదు. డేటా వెతికేవాళ్లు ‘ఎరువుల ఖర్చు’ అని వెతుకుతారు, అది ఒక చరాంశం (వేరియబుల్, అంటే పట్టికలో ఒక కాలమ్) పేరు. డీబీఎఫ్‌లో కాలమ్ పేరు పది అక్షరాలు దాటదు, అందుకే అంతా పొడి అక్షరాలే. ఆ స్థాయి వివరణ లేకపోతే డేటా ఉన్నా లేనట్టే.

దస్త్రఖానా

చరాంశాల వివరణ కావాలి, ఒప్పుకుంటాను. కానీ దాన్ని ఐసాడ్ గడుల్లోకి తోయకండి. 180 కాలమ్‌ల జాబితాను 3.3.1లో అతికించిన ఎంట్రీని ఎవరూ చదవరు, దిద్దరు కూడా. దానికి డీడీఐ కోడ్‌బుక్ (సర్వే డేటా వివరణకు ప్రమాణం) ఉంది. దస్త్రానికి ఒక డీడీఐ ఎక్స్ఎంఎల్ తయారుచేసి, 3.4.5 ఫైండింగ్ ఎయిడ్స్‌లో లింకు ఇవ్వండి. కోడ్‌బుక్ ఎప్పటికీ డేటాతోనే ప్యాకేజీలో ఉండాలి. 3.3.1లో ముఖ్యమైన అంశాల పేర్లు ఐదారు మామూలు మాటల్లో రాస్తే వెతికేవాళ్లకు దారి దొరుకుతుంది.

బిట్‌బీరువా

అలా అయితే సరే. ప్యాకేజీకి బ్యాగ్‌ఇట్ (ఫైళ్లను చెక్‌సమ్‌లతో కలిపి కట్టే పద్ధతి) వాడండి, దస్త్రానికి ఒక బ్యాగ్. ‘డేటా’ ఫోల్డర్లో ఫైళ్లు, బయట షా-256 మానిఫెస్టు. సమాచార ఫైల్లోని పేలోడ్-ఆక్సమ్ వరుసలో మొత్తం బైట్లు, చుక్క, ఫైళ్ల సంఖ్య ఉంటాయి. ఆ రెండు అంకెలే 3.1.5లోకి వెళ్లాలి. రెండు చోట్లా సరిపోకపోతే కాపీలో తేడా ఉన్నట్టే.

డీఓఐ విషయం. ఫాండ్‌కు వద్దు. సిరీస్‌కు ‘కలెక్షన్’ రకంగా, దస్త్రానికి ‘డేటాసెట్’ రకంగా ఇవ్వండి, ఈజ్‌పార్ట్‌ఆఫ్ సంబంధంతో కలపండి. పబ్లికేషన్ ఇయర్ గడిలో ప్రజలకు అందుబాటులో పెట్టిన ఏడాది రావాలి. అక్కడ 1985 రాసేసి, సేకరణ తేదీని ‘కలెక్టెడ్’ రకంలో పెట్టకపోవడం నేను ఎక్కువగా చూసే తప్పు. రెండో తప్పు ఐసాడ్ అలవాటు వల్లే వస్తుంది: పైన చెప్పింది కింద చెప్పకూడదు కదా అని డేటాసైట్ రికార్డులోనూ వదిలేస్తారు. అక్కడ పై స్థాయి కనిపించదు. సెర్చ్‌లో దొరికిన దస్త్రం ఒంటరిగా నిలబడుతుంది, చిన్న రైతు గీత సంగతి మాయమవుతుంది. ఆటామ్‌లో ఒక్కసారే రాయండి, ఎగుమతి చేసేటప్పుడు మాత్రం సిరీస్ వివరణను ప్రతి దస్త్రంలోకీ కలిపి పంపండి.

అడంగల్

ప్రవేశ నిబంధనల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటాను. పేర్లు తీసేసినంత మాత్రాన ఇంటి సర్వే భద్రం కాదు. ఊరు, కులం, ఎకరాలు, ఇంట్లో మనుషుల సంఖ్య కలిస్తే చిన్న ఊళ్లో ఎవరిల్లో అక్కడివాళ్లు ఇట్టే చెప్పేస్తారు. సర్వే నంబరు ఉంటే ఇక దాచడానికేమీ లేదు. మూలాన్ని మూసి ఉంచి, ఊరి పేరు స్థానంలో కోడ్, ఎకరాల స్థానంలో తరగతులు పెట్టిన బహిరంగ రూపం తయారుచేయండి. రెండింటికీ వేర్వేరు ఎంట్రీలు, 3.4.1లో వేర్వేరు నిబంధనలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని మీ సంస్థ న్యాయ సలహాదారుతో ఒకసారి చర్చించండి. ఫైలు పేర్లలోనే రైతుల పేర్లు ఉండవచ్చు, అలాంటప్పుడు మానిఫెస్టును కూడా బయటపెట్టకూడదు.

ఆటామ్‌లోకి సీఎస్‌వీ ఎక్కించేటప్పుడు పై స్థాయి వరుస ముందు, దాని పిల్లలు తర్వాత ఉండాలి. పేరెంట్ఐడీ (పై స్థాయి గుర్తింపు) సూచించే లెగసీఐడీ (వరుస సొంత గుర్తింపు) అంతకుముందే రాకపోతే చెట్టు తెగిపోతుంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. ఆ సీఎస్‌వీని ఎక్సెల్‌లో నేరుగా తెరిచి సేవ్ చేయొద్దు: 03-02 అనే రిఫరెన్స్ కోడ్ తేదీగా మారుతుంది, 007లో సున్నాలు పోతాయి, బీఓఎం (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ తెలిపే గుర్తు) లేకపోతే తెలుగు అక్షరాలు చెడిపోతాయి. లిబ్రె ఆఫీస్‌లో తెరిచి, దిగుమతి పెట్టెలో అన్ని కాలమ్‌లనూ ‘టెక్స్ట్’గా ఎంచుకోండి. ముందుగా ఒక సిరీస్, దాని కింద మూడు దస్త్రాలు మాత్రం పరీక్ష సర్వర్లో ఎక్కించి చూడండి. మూల భాష తెలుగా, ఇంగ్లీషా అన్నది కల్చర్ కాలమ్‌లో మొదటి రోజే ఖాయం చేయండి, ఎందుకంటే ఆటామ్ ప్రతి రికార్డుకూ దాన్నే మూలంగా గుర్తుంచుకుంటుంది.

గ్రంథపాలిక

నక్షత్రం గుర్తులు లెక్కపెట్టాను, సరిగ్గా 25. ఆ డీబీఎఫ్ ఉన్న ఫోల్డర్‌ను షేర్డ్ డ్రైవ్ నుంచి తీసేశాను. వర్షపాతం సిరీస్‌తో మొదలుపెడుతున్నాను, పరిశీలకుల పుస్తకాలు 46 పెట్టెల్లో 9వ దాంట్లో ఉన్నాయి.